అంకెలకు స్థానబలము

 

మొసలికి నీటనున్న బలము గట్టుపై లేదు. అంకెల సంగతియు అంతే. ఒకట్ల స్థానమున 3 మూడే. పదుల స్థానమునకు జరిగిన ముప్పది. వందల స్థానమున కెక్కిన మూడువందలు. రూపము మారలేదు, చోటు మారినది. ఈ మర్మ మెరుగని బాలుడు ఎన్ని ఎక్కములు వల్లించినను గణితము వచ్చినవాడు కాడు.

“మూడువందల ఐదు వ్రాయుము” అనగా పసివారు పలువురు 3005 అని వ్రాయుదురు. వారిని మందమతులని కసరుట తగదు. ముందు 300, ప్రక్కన 5; విన్నది విన్నట్లు వ్రాసిరి. పూర్వపు తమిళ లెక్కలలో పదికి, నూరునకు, వేయికి వేర్వేరు గుర్తులుండెడివి. మూడు, నూరు గుర్తు, ఐదు. ఇంతటితో ఆ సంఖ్య ముగియును, సున్నతో పనిలేదు. 1960లో మద్రాసు రాష్ట్రమునుండి ఆంధ్రప్రదేశమున చేరిన మన సత్యవేడులో తమిళము పొరుగు నుడియే గదా! కావున బాలుని పొరపాటు తెలివితక్కువ కాదు. స్థానమర్యాద యింకను తెలియకపోవుటయే.

దీనికి మందు సంఖ్యను విప్పి వ్రాయించుట. 4275 అనగా 4000 + 200 + 70 + 5. అట్లే 305 అనగా 300 + 0 + 5. పదుల గది ఖాళీయని అప్పుడు కన్నులకు కట్టును. సున్నకు తనదైన విలువ లేదు. కాని అది చోటు కాచు కావలివాడు.

మొదట చీపురుపుల్లలను పదేసి కట్టలు కట్టింపవలెను. పది కట్టలొక మోపు. పిమ్మట ఒక కాగితముపై 300, చిన్న కాగితముపై 5 వ్రాసి, చివరి సున్నపై ఆ ఐదును పెట్టింపవలెను. 305 కనబడును; బాలుడు తన తప్పును తానే దిద్దుకొనును. తరువాత “4275లో 2 విలువ యెంత?” అని యడుగవలెను. “రెండు” అన్నచో మరల పుల్లల కట్టలే శరణ్యము. “రెండువందలు” అన్నచో పాఠము ముందుకు సాగవచ్చును.

మన నుడియు ఇందుకు తోడ్పడును. సంస్కృతమున త్రయోవింశతి యనుటలో మూడు ముందు వచ్చును. తెలుగున ఇరువదిమూడు, వ్రాతలో వలెనే పదులు ముందు, ఒకట్లు వెనుక.

ఇది బడిపిల్లల ముచ్చట మాత్రమే కాదు. ప్రామిసరీ నోటున 305 ప్రక్కన “అక్షరాలా మూడువందల ఐదు రూపాయలు” అని యేల వ్రాయుదురు? నడుమ ఒక్క సున్న చొరబడిన మూడువందల అప్పు మూడువేలగును. అంకెలకును అక్షరములకును భేదము వచ్చిన అక్షరములే చెల్లునని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము చెప్పుచున్నది. చదువక వ్రేలిముద్ర వేయువానిని ఆ చట్టమైనను ఎంతవరకు కాపాడగలదు?

తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన సంస్కృత గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమును పద్యముగా చదువుకొనిన జాతి మనది. ఈ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి బాలునిచేత చేతిలోని పుస్తకము 128వ పుట తెరిపింపుడు. “నూరు, ఇరువది, ఎనిమిది” అని విప్పి చెప్పింపుడు. రేపు ఏ పత్రము ముందరను వాడు తలవంపక నిలువగలడు.