కర్రనేలల శుభ్రత



మన తెలుగునాట నేల యనగానే కడపరాతి బండలో, సిమెంటు గచ్చో కన్నులకు కట్టును. బిందెడు నీరు కుమ్మరించి కడిగినగాని ఇల్లు శుభ్రపడినట్లు మనకు తోచదు. కాని నేడు మన నగరములందు కొందరి యిండ్లలోను, అమెరికాలో కాపురమున్న మన బిడ్డల యిండ్లలోను టేకు, ఓకు, మేపుల్ పలకల నేలలు కనవచ్చుచున్నవి. అట్టి నేలకు ఈ అలవాటు కీడు చేయును. మ్రానునుండి విడివడినను కర్ర నీటిని పీల్చు గుణమును విడువదు. సందులగుండ తడి దిగినచో పలకలు ఉబ్బి అంచులు పైకి లేచును.

ముందుగా మెత్తని చీపురుతో పొడిగా ఊడ్వవలెను. ఇసుకరేణువులు మిగిలినచో తుడుచునప్పుడు మెరుగుపై గీతలు పడును. పిమ్మట నాలుగైదు కుంకుడుకాయలను గింజలు తీసి నానబెట్టి, పిసికి, ఆ రసమును వడగట్టి అరబకెట్టు నీటిలో కలుపుడు. అందు ముంచిన గుడ్డను నీరు కారనంతగా పిండి, పలకల పొడవున తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి తీయుడు. లేతరంగు కర్రయైనచో ముందొక మూల పరీక్షించుట మేలు.

వినెగరు, నిమ్మరసము మాటిమాటికి వాడినచో మెరుగు తగ్గును. చాకలిసోడా పూతను తినివేయును. ఓకు కర్రను నల్లబరచును. కొబ్బరినూనె ఆరదు, జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టును.

నేలపై ఒక నీటిబొట్టు వేసి చూడుడు. ముత్యమువలె నిలిచినచో పూత చెడలేదు. నూనెతో పని లేదు. బొట్టు ఇంకి మచ్చపడినచో పూత అరిగినదని తెలియవలెను. పూత బొత్తిగా లేని కర్రకు అవిసెనూనె పలుచగా పట్టించవచ్చును. అది నెమ్మదిగా ఆరి గట్టిపడును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట మా విధి. అవిసెనూనె ఆరునప్పుడు వేడి పుట్టును. నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో ఆ వేడి వెలుపలికి పోలేక, నిప్పు తగులకయే అవి అంటుకొనవచ్చును. 1991 ఫిబ్రవరి 23వ తేదీన ఫిలడెల్ఫియా నగరమందలి వన్ మెరిడియన్ ప్లాజా యను 38 అంతస్తుల భవనములో, కర్రపనికి మెరుగుపెట్టినవారు విడిచిన ఇట్టి గుడ్డలనుండియే అగ్ని పుట్టెను. ముగ్గురు అగ్నిమాపక భటులు ప్రాణములు కోల్పోయిరి.

కావున పని ముగిసిన వెంటనే ఆ గుడ్డలను నీట తడిపి, ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి ఆరవేయుడు. దూరదేశమందున్న మీ అమ్మాయికిని ఈ మాట తప్పక తెలుపుడని మా మనవి.