పుట్టుకతో వచ్చిన బుద్ధి

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పెద్దలు చెప్పుచుందురు. బిడ్డ రూపమునందే గాక బుద్ధియందును వంశము యొక్క పాలు కలదని ఆధునిక శాస్త్రమును అంగీకరించుచున్నది. అయితే వంశమునుండి వచ్చినది మార్పునకు లొంగదని తలంపవచ్చునా? దీనికి ఒక వ్యాధి చరిత్ర సమాధానము చెప్పుచున్నది.

1934లో నార్వే దేశమున ఒక తల్లి, తన ఇరువురు బిడ్డల బుద్ధిమాంద్యమునకు కారణము తెలియగోరి, అస్‌బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని ఆశ్రయించెను. ఆ బిడ్డల మూత్రమున ఫెర్రిక్ క్లోరైడు కలుపగా అది ఆకుపచ్చగా మారెను. మాంసకృత్తులయందలి ఫినైలాలనీన్ అను పదార్థమును మార్చవలసిన ఎంజైము కొరవడినపుడు, అది రక్తమున పేరుకొని ఎదుగుచున్న మెదడును చెరచును. ఈ వ్యాధినే ఫినైల్‌కీటోన్యూరియా అందురు.

ఆ ఎంజైమునకు సంబంధించిన జన్యువు తల్లినుండి ఒకటియు తండ్రినుండి ఒకటియు బిడ్డకు వచ్చును. ఒకటి చెడినను రెండవది పని నడపును. తల్లిదండ్రు లిరువురును చెడిన జన్యువు నొక్కొక్కటి మోయుచున్నచో, వారు ఆరోగ్యవంతులే యైనను, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు. మేనరికములు గల మన కుటుంబములు దీనిని గమనింపవలెను; ఒకే పూర్వునినుండి ఒకే లోపము ఇరువురికిని సంక్రమించుట అట్టి సంబంధములలో ఎక్కువ.

ఇంతవరకు చూచినచో ఇది నొసటివ్రాత యనియే తోచును. కాని ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఫినైలాలనీన్ తగ్గించిన ఆహారము నొక చిన్న బాలికకు పెట్టగా ఆమె స్థితి మెరుగుపడెను. ఈ ఫలితమును వారు 1953లో ప్రకటించిరి. 1960 ప్రాంతమున అమెరికాలో రాబర్ట్ గత్రీ శిశువు మడమనుండి తీసిన రక్తపు చుక్కతో వ్యాధిని పసిగట్టు పరీక్షను రూపొందించెను. పుట్టిన కొలది దినములలోనే గుర్తించి పథ్యము విడువక నడపినచో, ఆ బిడ్డ తోటివారివలెనే చదువుకొనగలడు. అనేక దేశములలో ఈ పరీక్ష ప్రతి శిశువునకును జరుగుచున్నది. మన దేశమున ఇంకను అందరికిని అందుట లేదు.

ఈ వ్యాధికి ఒక్క జన్యువే మూలము. సామాన్యముగా మన బుద్ధులలో కన్పించు తారతమ్యములందు వేలకొలది జన్యువులకు తలకొక స్వల్పభాగము కలదు. ఆహారము, చదువు, ఇంటి వాతావరణము వానితో కలసి పనిచేయును. ఒక్క జన్యువు తెచ్చిన కీడునే పథ్యము నిలుపగలిగినపుడు, పాఠమున వెనుకబడిన బాలుని చూచి వాని వంశమే అంతయని చేతులు దులుపుకొనుట తగునా? వానికి కొరవడిన దేమో వెదకి సమకూర్చుటయే మన విధి.