అంగన్‌వాడీ గడపలో అమ్మనుడి

(హోసూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో తరచుగా వినిపించేది పదవ తరగతి మాట. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినది. ఆ ఏడు ఒకటవ తరగతిలో మొదలైన నిర్బంధ తమిళం ఏటికొక మెట్టు ఎక్కుతూ 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరినది. అప్పటినుండి మన బిడ్డల పరీక్ష కోసం న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చినది. ఆ పోరాటం అవసరమే. అయితే మనం పదవ తరగతి వాకిట నిలిచి వాదిస్తూ ఉండగా, మూడేండ్ల బిడ్డ వాకిట మన మాట జారిపోతున్నది. ఈ పూట ఆ చిన్న వాకిలిని గురించి మాట్లాడుతాను.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం, శిశువిద్య చదువుతున్న మన పిల్లలకు ఇంటర్న్‌షిప్ అవకాశాలు. ఇది కొలువులకు సంబంధించిన సంగతి కదా, భాషాహక్కులకు దీనితో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. పని ఉన్నది. ఎట్లాగో చట్టంనుండే మొదలుపెట్టి చెబుతాను.

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించవలెనని చెప్పినది. గమనించండి, ప్రాథమిక దశలో. 2009 నాటి విద్యాహక్కు చట్టం వర్తించేది ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల బిడ్డలకు. బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో ఉండవలెనని దాని 29వ సెక్షన్ చెప్పినది. మరి ఆరేండ్లు నిండని బిడ్డ సంగతి? 2002లో 86వ సవరణ 45వ అధికరణాన్ని మార్చి, ఆరేండ్లలోపు బిడ్డల సంరక్షణ, విద్యలకు రాజ్యం ప్రయత్నించవలెనన్నది. కాని అది ఆదేశిక సూత్రం. దానిని చూపి న్యాయస్థానంలో హక్కు అడుగలేము. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం మాత్రం బిడ్డతో ప్రధానంగా ఇంటిభాషలోనే వ్యవహరించవలెనని స్పష్టంగా పలికినది. అది విధానమే గాని చట్టం కాదు.

అనగా మన రక్షణకవచం బిడ్డకు ఆరవ ఏట మొదలవుతున్నది. నుడి స్థిరపడేది, లేదా జారిపోయేది, మూడు ఆరేండ్ల నడుమ. ఈ మూడేండ్ల ఖాళీని పూడ్చడానికి నా నల్లకోటు చాలదు. దానిని పూడ్చగలిగినవారు ముందు వరుసలో కూర్చున్న ఈ ఆడబిడ్డలు.

ఇంకొక లెక్క వినండి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని అంగీకరించినది. ఒక తరగతిలో పదిమంది, లేదా బడి మొత్తంలో నలుబదిమంది ఒక మాతృభాషకు చెందినవారుంటే, ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుని నియమించవలెను. మన తెలుగు బడులలో సంఖ్య తగ్గినదన్న మాట వచ్చినప్పుడల్లా ఈ పదిమంది లెక్కే అడ్డు నిలుస్తుంది. ఒకటవ తరగతికి పదిమంది ఎక్కడనుండి రావలెను? అంగన్‌వాడీనుండి, నర్సరీనుండి రావలెను. అక్కడ మూడేండ్లు తెలుగు వినని బిడ్డను, ఆరవ ఏట తెలుగు బడిలో చేర్చడానికి ఏ తల్లికి ధైర్యం చాలుతుంది?

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైనది. నేడు తమిళనాడులో 54 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నవి. 2019 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మాధ్యమిక పాఠశాలల ఆవరణలలోని 2,381 కేంద్రాలలో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు ప్రారంభించినది. కేవలం అన్నం పెట్టి, బరువు తూచే చోటు కాస్తా చదువు మొదలయ్యే చోటుగా మారుతున్నది. అట్టి చోట మన బిడ్డ ఏమి వింటున్నది?

ఇంట్లో బిడ్డ సంగటి తింటుంది. కేంద్రంలోని పటం మీద అదే ముద్ద ‘కళి’. ఇంట్లో నీళ్లు, అక్కడ ‘తణ్ణి’. రెండూ నేర్చుకొనవచ్చును, నేర్చుకొనవలెను కూడా. అయితే దప్పిక అయినదని, కడుపు నొస్తున్నదని చెప్పడానికి మాట దొరకని బిడ్డ మూలకు ఒదిగి కూర్చుంటుంది. కొన్నాళ్లకు ఆ బిడ్డకు ‘మందకొడి’ అన్న పేరు పడుతుంది. లోపం బిడ్డలో లేదు. తన మాట వినేవారు ఆ గదిలో లేకపోవడమే లోపం.

అక్కడికి ఒక శిక్షణార్థిని వెళ్లినదనుకోండి. మామిడికాయలు నాలుగు తెచ్చి బిడ్డల ముందు పెట్టినది. ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది పచ్చిది, ఏది పండినది, ఎన్ని ఉన్నవి అని తెలుగులో అడిగినది. ఆ తరువాత అవే మాటలు తమిళంలో పలికించినది. కృష్ణగిరి బిడ్డకు మామిడిని మించిన పాఠ్యపుస్తకం ఏమున్నది? ఎదిరింటి తమిళ బిడ్డకు కొత్త మాట దొరికినది, మన బిడ్డకు నోరు పెగిలినది. తమిళానికి ఇందువలన వచ్చే నష్టమేమీ లేదు. మన ఊళ్లలోని కన్నడ బిడ్డకు, ఉర్దూ బిడ్డకు కూడ ఇదే న్యాయం జరుగవలెనని మనమే ముందుగా అనవలెను.

ఇది కొత్త ఆలోచన కాదు. మహారాష్ట్ర తీరాన బోర్డీలో 1945లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ బాలవాడి స్థాపించినారు. బిడ్డలు బడికి రాకపోతే బడినే వారి ముంగిలికి తీసుకొనిపోయినారు. అంగన్ అంటే ముంగిలి. ముంగిలి బడిలో ముంగిలి మాట ఉండవద్దా? మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర నేర్చుకొని, సవర బిడ్డలకు సవరలో చదువు చెప్పించినారు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు పూనుకొన్నది. తెలుగువారు ఇతరులకు సమ్మతించిన న్యాయాన్నే మనం ఇక్కడ అడుగుతున్నాము.

న్యూజిలాండులోని మావోరీలు ఇంకొక దారి చూపినారు. వారి భాషను ధారాళంగా పలికేవారిలో ఎక్కువమంది ముసలివారే మిగిలిన కాలంలో, 1982లో ‘కోహంగ రేయో’ అనే కేంద్రాన్ని తెరిచినారు. ఆ మాటకు భాషాగూడు అని అర్థం. అవ్వలు, తాతలు వచ్చి పసిబిడ్డలతో తమ నుడిలోనే ఆడి పాడినారు. తల్లిదండ్రులే నడుపుకొన్నారు. మన ఊళ్లలో అవ్వలకు కొదవ లేదు. ఆ అవ్వలకు, అంగన్‌వాడీకి నడుమ వంతెనగా నిలువగలిగినది శిక్షణ పొందుతున్న మన బిడ్డ.

ఇక ఆచరణ. ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల ప్రకారం ప్రాథమిక ఉపాధ్యాయ డిప్లొమా చదివేవారు ఇరవై వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయవలెను. పూర్వ ప్రాథమిక విద్యలోను డిప్లొమా ఉన్నది. గృహవిజ్ఞానం, శిశువికాసం చదివేవారికి కూడ క్షేత్రంలో పని చేసిన అనుభవం అవసరం. చేరకముందే ఒక మాట అడుగండి: ఈ సంస్థకు, ఈ కోర్సుకు గుర్తింపు ఉన్నదా? గుర్తింపు లేని చోట రుసుము కట్టి, తరువాత న్యాయవాది దగ్గరకు వచ్చినందువలన పోయిన రెండేండ్లు తిరిగి రావు.

ఎక్కడ చేయవచ్చును? మొదటిది, అంగన్‌వాడీ. మన జిల్లాలో పది ఒన్రియాలున్నవి. కళాశాలనుండి లేఖ తీసుకొని ఒన్రియంలోని శిశు అభివృద్ధి పథకాధికారిని, ఆపైన కృష్ణగిరిలోని జిల్లా కార్యక్రమ అధికారిని కలిసి అనుమతి అడుగవలెను. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరి పేరును అర్జీలో స్పష్టంగా వ్రాయండి. రెండవది, ప్రభుత్వ తెలుగు బడులలోని ఒకటి, రెండు తరగతులు. మూడవది, కార్మికుల శిశు సంరక్షణ కేంద్రాలు. యాభైమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఇట్టి కేంద్రం ఉండవలెనని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ నిర్దేశించినది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోను ఆ నియమం ఉన్నది. పరిశ్రమల ఊరైన హోసూరులో ఈ తలుపు తట్టినవారు తక్కువ. నాలుగవది, సరిహద్దుకు అవతల కుప్పం. అక్కడి కేంద్రాలు నడిచేది తెలుగులోనే. తెలుగులో శిశువిద్య ఎట్లా నడుస్తుందో కొన్నాళ్లు చూచి రావడానికి అంతకంటె దగ్గరి చోటు లేదు.

వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. అనుమతి, తేదీలు, పని వేళలు, పర్యవేక్షించేవారి పేరు కాగితం మీద ఉండవలెను. శిక్షణార్థిని నేర్చుకొనడానికి వచ్చిన మనిషి; ఖాళీగా ఉన్న కొలువును జీతం లేకుండ నింపడానికి వచ్చిన మనిషి కాదు. స్త్రీలపై పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ‘ఉద్యోగి’ అన్న మాటలో శిక్షణలో ఉన్నవారిని కూడ చేర్చినది. భయపడవలసిన పని లేదు, ఫిర్యాదు చేసే హక్కు మీకున్నది. అట్లే బిడ్డల పట్ల మీకు బాధ్యత ఉన్నది. బిడ్డపై లైంగిక నేరం జరిగినదని తెలిస్తే తెలియజేయవలసిన విధిని 2012 నాటి పోక్సో చట్టం ప్రతి ఒక్కరిపైన పెట్టినది. బిడ్డల ఫొటోలు తీసి ఫోనులలో పంచకూడదు. చివరికి తీసుకొనే ధ్రువపత్రంలో, ఏ వయసు బిడ్డలతో, ఏయే భాషలలో పని చేసినారో వ్రాయించుకొనండి. రేపు తెలుగు తెలిసిన టీచరు కావలెనని మనం ప్రభుత్వాన్ని అడిగినప్పుడు, తగినవారు లేరన్న జవాబు రాకుండ చేసేది ఆ ఒక్క వాక్యమే.

ప్రతి శిక్షణార్థిని ఒక నోటుపుస్తకం పెట్టుకొనవలెనని కూడ నా కోరిక. ఊరి అవ్వలు చెప్పే పొడుపుకథలు, జోలపాటలు, ఆటల పేర్లు అందులో వ్రాయండి. ఏ బిడ్డ ఏ మాటకు నవ్వినది, ఏ మాటకు తెల్లబోయినది కూడ వ్రాయండి. ఈ మొరసునాటి తెలుగులో శిశువిద్యకు పుస్తకం కావలెనంటే అది ఈ నోటుపుస్తకాలనుండే పుట్టవలెను.

తల్లిదండ్రులకు, సంఘాలకు నా మనవి మూడు మాటలలో ముగిస్తాను. దూరపు పల్లెకు వెళ్లే ఆడబిడ్డకు బస్సు చార్జీ, మధ్యాహ్నం ఒక ముద్ద, అవసరమైతే తెలిసినవారింట బస ఏర్పాటు చేయండి. ఊరి అవ్వను ఒకరిని వారానికొకసారి కేంద్రానికి పంపడానికి టీచరమ్మను మర్యాదగా అడుగండి. మీ వీధిలో మూడు ఆరేండ్ల నడుమ ఉన్న తెలుగు బిడ్డల పేర్లు, వయస్సు వ్రాసి సంఘం దగ్గర ఉంచండి.

2024 జూన్‌లో కృష్ణగిరి పార్లమెంటు సభ్యులు గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు మనమందరం సంతోషించినాము. ఆ మాట ఢిల్లీలో వినబడినది. మన వీధి అంగన్‌వాడీలో కూడ వినబడవలసి ఉన్నది. అక్కడ వినబడితే, మూడేండ్ల తరువాత ఒకటవ తరగతి హాజరుపట్టీలో పదిమంది పేర్లు ఉంటవి. ఆ పదిమంది పేర్లు చేతికిచ్చి న్యాయస్థానానికి వెళ్లమంటే నేను సంతోషంగా వెళ్తాను. పేర్లు లేకుండ వెళ్లి గెలువడం ఎవరికీ సాధ్యం కాదు.