పేగు పుండ్ల జబ్బు – మందుల షాపులో అడగవలసిన మాటలు

(హోసూరులో మన మిల్లు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, పనిభారం గురించి మాట్లాడవలసిన వేదిక మీద కడుపు జబ్బు మాట ఎందుకని కొందరు అడిగారు. రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడే మనిషి ఒక షిఫ్టులో ఐదారు సార్లు పాయఖానాకు పోతే పని ఎగ్గొడుతున్నాడని మేస్త్రీ రాసుకుంటాడు. ఆ రాత మీద మెమో వస్తుంది. మెమోకు జవాబు రాయవలసింది సంఘం. కాబట్టి ఇది సంఘం పనే.

మన సభ్యుడొకాయన సంగతి చెబుతాం. పేరు చెప్పం, ఆయన ఈ సభలోనే ఉన్నారు. చెప్పమని మాతో అన్నదీ ఆయనే. రెండేళ్లు విరేచనాలు, బొడ్డుకు కుడిపక్క కింద నొప్పి, సాయంత్రమైతే జ్వరం. 11 కిలోలు తగ్గిపోయారు. మొదట అమీబా అన్నారు. చీటీ లేకుండానే షాపులో మెట్రోనిడజోల్ కొని మింగుతూ వచ్చారు. తర్వాత పేగు క్షయ అన్నారు, టీబీ మందులు వాడారు. చివరకు బెంగుళూరులో గొట్టం వేసి చూసి, పేగు ముక్క తీసి పరీక్షించి, క్రోన్స్ జబ్బు అని తేల్చారు.

టీబీ అన్న డాక్టరును మేము తప్పు పట్టం. రెండు జబ్బులూ ఎక్కువగా చిన్నపేగు చివరనే పట్టుకుంటాయి. పుండ్లు, పేగు ఇరుకు కావటం రెండింటిలోనూ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో, తేలనప్పుడు ముందు టీబీ మందులు రెండు మూడు నెలలు ఇచ్చి, మళ్లీ గొట్టం వేసి పుండ్లు మానాయా అని చూడటం పెద్ద డాక్టర్లు కూడా చేసేదే. దీనికి తిరకాసుగా జరిగితే మరీ ప్రమాదం. టీబీ ఉన్న మనిషికి క్రోన్స్ అనుకుని స్టీరాయిడ్లు ఇస్తే టీబీ చెలరేగుతుంది.

ఈ జబ్బుకు ఆ పేరు 1932లో వచ్చింది. న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి డాక్టర్లు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ కలిసి దీని గురించి రాశారు. అక్షర క్రమంలో మొదట ఉన్న పేరు జబ్బుకు నిలిచిపోయింది. ఇది అంటుకునే జబ్బు కాదు. పక్క మంచం వాళ్లు, క్యాంటీన్లో పక్కన కూర్చునేవాళ్లు భయపడనక్కరలేదు. ఒంటిని కాపాడవలసిన శక్తే పేగు మీద తిరగబడుతుంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు, అదుపులో పెట్టే మందులున్నాయి. బీడీ, సిగరెట్టు దీన్ని పెంచుతాయని గట్టిగా తేలింది.

ఇక అసలు సంగతి. మన సభ్యునికి ప్రెడ్నిసొలోన్ రాసిచ్చారు. పది రోజుల్లో నొప్పి తగ్గింది, ఆకలి వేసింది, రాగి ముద్ద అరిగింది. ఇంతకంటే మంచి మందు లేదనుకున్నారు. డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించమని రాసిన కాగితం ఇంట్లో పడేసి, పాత చీటీ మీదే ఎనిమిది నెలలు కొన్నారు. ఇచ్చిన షాపు ఒక్కసారి కూడా అడగలేదు. ముఖం ఉబ్బింది, షుగరు వచ్చింది. పండగకు ఊరికి పోయినప్పుడు మాత్రలు అయిపోతే అంతటితో ఆపేశారు. మూడో రోజు వాంతులు, బీపీ పడిపోయి స్పృహ తప్పారు. ఎక్కువ కాలం స్టీరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టీరాయిడ్ నిద్రపోతుంది. అది మేలుకునేదాకా మాత్రను మెల్లగా తగ్గించాలి తప్ప ఠక్కున ఆపకూడదు. ప్రాణం పోతుంది.

ఆసుపత్రిలో అజాథయోప్రిన్‌కు మార్చారు. కొన్నాళ్లకు కాలి బొటనవేలు వాచి, ఇంకో డాక్టరు దగ్గరకు పోతే గౌటు అని అల్లోప్యూరినాల్ రాశారు. ఈ కడుపు జబ్బు సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ చీటీ తీసుకుని కృష్ణగిరిలో చుట్టాలింటి దగ్గరి షాపుకు పోయారు. అక్కడ ఫార్మసిస్టు ఒకమ్మ మందు తీయబోయి ఆగి, "ఇంకేమన్నా మాత్రలు మింగతా ఉండారా అన్నా?" అని అడిగింది. జేబులోంచి అజాథయోప్రిన్ అట్ట తీసి చూపారు. ఆమె మందు ఇవ్వలేదు. అక్కడినుంచే డాక్టరుకు ఫోను చేసింది. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు మందులు కలిసింది ఆమె బల్ల మీదే.

అందుకే మేము చెబుతున్నాం. ఎప్పుడూ ఒకే షాపులో కొనండి. వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మందుల షాపంటే కిరాణా కొట్టు కాదు. రిజిస్టరైన ఫార్మసిస్టు మందు గురించి రోగికి వివరించాలని 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లో ఉంది. తమిళం, ఇంగ్లీషు చదవలేనివాళ్లు అట్ట మీద తెలుగులోనో, గీతలతోనో రాసిమ్మనండి. సిగ్గు పడొద్దు.

మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే రెట్టింపు జాగ్రత్త. అది వారానికి ఒక్కసారి మాత్రమే. రోజూ మింగి చనిపోయినవాళ్లున్నారు. ఏ వారమో, ఏ రోజో అట్ట మీద పెద్దగా రాయించుకోండి. గర్భంతో ఉన్న అక్కచెల్లెళ్లు, బిడ్డ కావాలనుకునేవాళ్లు దాన్ని వాడకూడదు, ముందే డాక్టరుకు చెప్పాలి. మోకాలి నొప్పికని డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కొనుక్కుంటే పేగు పుండ్లు రేగవచ్చు. అజాథయోప్రిన్ వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే ఊరుకోకూడదు. రక్త పరీక్ష క్రమం తప్పకూడదు.

షిఫ్టు సంగతి డాక్టర్లకు మనమే చెప్పాలి. స్టీరాయిడ్ పొద్దున తిన్నాక మింగమంటారు, రాత్రి మింగితే నిద్ర పట్టదని. రాత్రి షిఫ్టు చేసి పొద్దున పడుకునేవారికి "పొద్దున" అంటే ఏది? మాకూ తెలియదు. అడిగి రాయించుకోవలసిందే. అడలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి, గడ్డ కట్టకూడదు. బెంగుళూరు నుంచి బస్సులో తెచ్చేటప్పుడు ఐసుకు నేరుగా తగలకుండా పెట్టివ్వమని షాపులోనే అడగండి. ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష చేయించుకోవాలి.

2021 ఆగస్టు 5న మన జిల్లాలోనే, శామనపల్లిలో, మక్కళై తేడి మరుత్తువం పథకం మొదలైంది. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే వస్తున్నాయి. మంచిదే. క్రోన్స్ రోగి మాత్రం తన మందును తానే వెతుక్కుంటున్నాడు.

ఈఎస్ఐలో చందా పడినవారికి, డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే, ఏడాదికి 91 రోజుల వరకు కూలిలో 70 శాతం వస్తుంది. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా పడి ఉండాలి. చాలామంది సెలవు పోయిందనుకుని ఊరుకుంటున్నారు. కాగితాలు సంఘం ఆఫీసుకు తెండి, మేము రాసిపెడతాం.

చివరిగా పాయఖానా సంగతి. కార్మికుడు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ, ఏ వేళనైనా, పాయఖానా అందుబాటులో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్లో రాశారు. ఇప్పటికి ముప్పావు శతాబ్దం దాటింది. మన డిపార్టుమెంటులో తాళం చెవి మాత్రం ఇంకా మేస్త్రీ జేబులోనే ఉంది. ఈసారి కోర్కెల పత్రంలో దాన్ని మొదటి అంశంగా పెట్టాం. మన సభ్యునికి ఇచ్చిన మెమోకు డాక్టరు చీటీ నకలు జతచేసి జవాబిచ్చాం. యాజమాన్యం నుంచి ఇంకా బదులు రాలేదు.