చిన్న విమానమునకు చెవు లెచ్చట నుండవలెను?



పూర్వము పంచాయతీ రేడియోకై ఇంటిపై రెండు వెదురుగడల నడుమ కట్టెడి తీగను ఎరుగని పెద్దలు ఈ సభలో నుండరు. ఆ తీగ రేకుల కప్పునకు తగిలినచో పెట్టెలోని వార్తలు గరగరలుగా మారెడివి. దానిని ఏరియల్ అనెడివారు. నేడు యాంటెన్నా యనుచున్నారు. పెట్టె ఎంత వెలగలదైనను వినునది తీగయే. నేలపై ఇది వినోదమునకు సంబంధించిన చిక్కు. మేఘములలో రేడియో సంకేతములను నమ్మి దారి వెదకు చిన్న విమానమునకు ప్రాణములకు సంబంధించినది.

1937వ సంవత్సరము జూలై 2వ తేదీన అమీలియా ఎయర్‌హార్ట్ అను అమెరికా వైమానికురాలు, ఫ్రెడ్ నూనన్ అను నావికుని తోడుకొని, న్యూగినీలోని లే పట్టణము నుండి బయలుదేరెను. గమ్యము పసిఫిక్ మహాసముద్రమధ్యమున నున్న హౌలండ్ దీవి. దూరము సుమారు 4,100 కిలోమీటర్లు. దీవి పొడవు రెండు కిలోమీటర్లకు కొంచె మెక్కువ. వెడల్పు ఒక కిలోమీటరైన లేదు. గొలుసు పట్టి పొలము కొలిచినవారు ఈ లెక్కను సులభముగ గ్రహింతురు: దారిలో ఒక్క డిగ్రీ తప్పినచో చివరకు 70 కిలోమీటర్లు ప్రక్కకు పోవుదురు. నూనన్ నక్షత్రములను చూచి స్థానము గణించుటలో దిట్ట. అయినను చివరి దారి రేడియోయే చూపవలసియుండెను.

ఆమెది లాక్‌హీడ్ ఎలెక్ట్రా అను రెండు ఇంజనుల లోహవిమానము. వీపుపై ఒక తీగ, పొట్టక్రింద మరియొక తీగ, నడుపువారి గదిపై దిక్కు తెలిపెడి గుండ్రని వలయము ఉండెను. వలయమును చేతితో త్రిప్పుచు, ధ్వని మిక్కిలి సన్నగిలిన స్థానమును బట్టి సంకేతము వచ్చు దిక్కును కనుగొందురు. ఆ కాలమున ఓడలు 500 కిలోహెర్ట్జ్ సంకేతముపై దిక్కు పట్టెడివి. దాని తరంగదైర్ఘ్యము 600 మీటర్లు. అంత పెద్ద అలకు పొట్టి తీగ చాలదు; విమానము వెనుక వ్రేలాడవిడుచు పొడవైన తీగ కావలెను. ఆ తీగను వారు కడపటి ప్రయాణమున వెంట గొనిపోలేదు.

దీవికడ కాచుకొనియున్న ఇటాస్కా అను ఓడవారికి ఆమె కంఠము బిగ్గరగా వినబడెను. వారి మాట మాత్రము ఆమెకు వినబడలేదు. ఆమె కోరగా 7500 కిలోహెర్ట్జ్‌పై సంకేతము పంపిరి. అది వినబడెను గాని దిక్కు తెలియలేదు. ఆ వలయముతో దిక్కు పట్టుటకు అంతకంటె పెక్కు రెట్లు పొడవైన అలలు కావలసియుండెను. లే నుండి విమానము లేచుచున్నప్పటి చలనచిత్రమును పరిశీలించిన కొందరు, పొట్టక్రింది తీగ ఆ పరుగులోనే నేలకు తగిలి ఊడిపోయెనని వాదింతురు. మరికొందరు ఒప్పుకొనరు. విమానమే దొరకలేదు గనుక ఆ వ్యాజ్యమునకు తీర్పు లేదు. కాని నిండుబరువుతో మట్టినేలపై పరుగెత్తు విమానమునకు అట్టి చోట వ్రేలాడు తీగ సురక్షితమని ఎవరనగలరు?

ఇక నేటి మాట. నలుగురు కూర్చుండు సెస్నా 172 విమానము పొడవు ఎనిమిది మీటర్లకు కొంచె మెక్కువ. అన్నదమ్ములు ఇంటిస్థలము పంచుకొన్నట్లు, ఆ ఇరుకున అయిదారు యాంటెన్నాలకు వాటాలు పెట్టవలెను. ఉపగ్రహములను వినునది ఆకాశమును నిరాటంకముగ చూడవలెను. కనుక పైకప్పున దాని చోటు. విమానాశ్రయ సమీపమున నేలనుండి నిట్టనిలువుగ లేచు గురుతు సంకేతమును వినునది పొట్టక్రింద నుండవలెను. నేలపై కేంద్రములనుండి దిక్కు తెలుపు వీవోఆర్ సంకేతము అడ్డముగ కంపించును. కనుక దాని రెండు కడ్డీలు పిల్లిమీసముల వలె అడ్డముగ, తోకశిఖరమున నిలుచును. దూరము తెలుపు పరికరమునకు ఏడు సెంటీమీటర్ల చిన్న కొమ్ము చాలును. అదియు పొట్టక్రిందనే, అయితే చక్రముల కాళ్లు చాటు కాకుండ, ఇంజను పొగమసి పట్టకుండ చూచుకొనవలెను.

చాలమంది మరచు విషయ మొకటి కలదు. నిలువుగ నిలిచిన కొమ్ము సగము యాంటెన్నాయే. దాని క్రింది లోహపు రేకు అద్దము వలె మిగిలిన సగమగును. రంగుపై బిగించినచో ఆ సంబంధము తెగును. బిగించు తావున రంగు గీకి లోహమును లోహమునకు తాకింపవలెను. కొయ్యతోనో బట్టతోనో చేసిన విమానమున లోపల రేకు పరచవలెను. పలుచని రేకునకు వెనుకనుండి బలపుపట్టీ వేయనిచో గాలితాకిడికి అది బీటలు వారును.

ఇరుగుపొరుగుల తగవు మరియొకటి. పైలట్లు మాటలాడు యాంటెన్నాను ఉపగ్రహ యాంటెన్నా ప్రక్కన పెట్టరాదు. మాటలాడు పౌనఃపున్యములలో 121.2 మెగాహెర్ట్జ్ ఒకటి. దానిని 13చే గుణించిన 1575.6. ఉపగ్రహ సంకేతము 1575.42. పైలట్ నోరు తెరచునప్పటికి దారి చూపు పరికరము చెవిటిదగు ప్రమాదము ఆ గుణకారములోనే యున్నది.

అందుచేత బిగించిన పిమ్మట పరీక్ష తప్పదు. నేలపై నిలిచి మాటలాడుచు ఉపగ్రహ పరికరమును గమనింపవలెను. పిదప గాలిలో గుండ్రముగ తిరిగి, ఏ దిక్కున సంకేతము క్షీణించునో చూడవలెను. క్షీణించినచో సాకు వెదకక చోటు మార్చవలెను.

లే పట్టణమునను పరీక్ష జరిగెను. జూలై 1వ తేదీన ఎయర్‌హార్ట్ విమానము నెగురవేసి, వలయమును త్రిప్పి, స్థానిక రేడియో కేంద్రపు దిక్కు పట్టజూచెను. ధ్వని ఏ వైపునను సన్నగిలలేదు. కేంద్రము మిక్కిలి సమీపమున నుండుటచేతను, బలమైనదగుటచేతను అట్లయ్యెనని ఆమె తలచెను. మరునాడు ఉదయము పది గంటలకు విమానము లేచెను.