విద్యుత్తు కారు చక్రములు – దారి వ్యయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



అమరకోశమున చక్రపు అంచునకు నేమి యనియు, ప్రధి యనియు రెండు పేళ్లున్నవి. నడిమి కుండకు పిండిక యనియు, నాభి యనియు మరి రెండు. ఒక్క చక్రమునకు ఇన్ని పేళ్లు పెట్టుకొనిన దేశమున చక్రము సంగతి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ఎత్తైన చక్రముల బండి గతుకుల బాటలో సుళువుగా సాగుననియు, పొట్టి చక్రము ప్రతి గుంటలోను దిగబడుననియు బండి తోలువారందరు నెరుగుదురు. ఈ న్యాయమునే పట్టుకొని, విద్యుత్తు కారు కొనబోవువారు అంగడిలో పెద్ద చక్రముల కారునే కోరుచున్నారు. లెక్క తప్పునది అక్కడనే.

కారు విషయమున అంగుళములలో చెప్పు కొలత చక్రము మొత్తపు ఎత్తు కాదు. రబ్బరు టైరు లోపలనుండు లోహపు చట్రము కొలత మాత్రమే. దృష్టాంతమునకు దక్షిణ కొరియా దేశపు హ్యుందాయ్ సంస్థవారి అయానిక్ 6 అను కారు చాలును. ఇది 18 అంగుళముల చట్రముతోను, 20 అంగుళముల చట్రముతోను దొరకును. మొదటిదాని టైరుపై 225/55 ఆర్ 18 అని యుండును. 225 అనగా మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 55 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 55 వంతులని యర్థము. రెండవదానిపై 245/40 ఆర్ 20 అని యుండును. గుణించి కూడి చూచినచో మొదటి చక్రము మొత్తపు ఎత్తు 705 మిల్లీమీటర్లు, రెండవదాని ఎత్తు 704. పెద్ద చక్రము వచ్చినదని సంతసించిన ఆసామికి నిజముగా వచ్చినది అదే ఎత్తు, హెచ్చు లోహము, పలుచని రబ్బరు, రెండు సెంటీమీటర్ల అదనపు వెడల్పు. బండి చక్రపు న్యాయము ఇక్కడ వర్తింపకపోవుటకు కారణ మిదియే.

ఇక దీని మూల్యము. అమెరికా దేశపు పర్యావరణ రక్షణ సంస్థ ఈ కారునకు 2023 సంవత్సరపు నమూనాలో ప్రకటించిన అంకెలు చూడదగినవి. బ్యాటరీ రెంటికి నొక్కటే, 77.4 యూనిట్లది, వెనుక చక్రములను త్రిప్పు మోటారును ఒక్కటే. 18 అంగుళముల చట్రముతో ఒక్క నింపుడుకు 361 మైళ్లు, అనగా 581 కిలోమీటర్లు. 20 అంగుళముల చట్రముతో 305 మైళ్లు, అనగా 491 కిలోమీటర్లు. తేడా 90 కిలోమీటర్లు. 20 అంగుళముల కారు హంగులు గల రకము గనుక, బరువునందును కొంత భేదముండవచ్చును. తప్పంతయు చక్రము మీదనే వేయుట న్యాయము కాదు. అయినను పెద్దపాలు దానిదే. రాత్రివేళ కుటుంబముతో పోవువానికి తొంబది కిలోమీటర్లనగా ఇల్లు చేరుటకును, చేరకపోవుటకును గల భేదము.

ఈ శక్తి పోవున దెక్కడికి? కారు బరువునకు టైరు అడుగుభాగము అణగును. చక్రము తిరిగినంతనే ఆ భాగము మరల పొంగును. ఇట్లు అణగి పొంగుటలో రబ్బరు వేడెక్కును. ఆ వేడియే నష్టము. భారతమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగినది. తారురోడ్డు మీద భూమి క్రుంగదు, చక్రమే క్రుంగును.

ఐరోపా సమాజపు దేశములలో 2021 మే నెలనుండి అమలునందున్న నిబంధన ప్రకారము టైర్లకు ఏ మొదలు ఈ వరకు ఐదు తరగతులు గలవు. ఏ తరగతి కారు టైరు టన్ను బరువునకు ఆరున్నర కిలోలకు మించని లాగుడు కోరును. ఈ తరగతిది 10.6 కిలోలు, అంతకు పైన. రెండు టన్నుల కారు నడచుటకు మొదటిదానికి 13 కిలోలు, రెండవదానికి 21 కిలోల లాగుడు కావలయును. పది కిలోల లాగుడును నూరు కిలోమీటర్లు మోసినచో సుమారు 2.7 యూనిట్లు ఖర్చగును. కనుక టైరు తరగతి భేదమొక్కటే నూరు కిలోమీటర్లకు రెండు యూనిట్లకు పైగా తినివేయగలదు. అదే చీటిమీద తడిరోడ్డుపై పట్టును తెలుపు అక్షరము వేరుగా నుండును. దానిని చూడక పొదుపు అక్షరమునే చూచి కొనుట వానకాలమున ప్రాణముతో బేరమాడుట.

వెడల్పైన టైరు ఎదుటిగాలిని హెచ్చుగా చీల్చవలసియుండును. పెద్ద సందులు గల చట్రము ఆ గాలిని కవ్వమువలె చిలుకును. గాలి పన్ను వింతది. వేగము రెట్టింపైనచో గాలి ఎదురు నాలుగు రెట్లగును. గంటకు 50 కిలోమీటర్ల నడకలో రబ్బరు ఖర్చు ముందుండును. నూటికి చేరునప్పటికి గాలి దానిని దాటిపోవును. కనుకనే విద్యుత్తు కారు ఊరిలోకంటె పెద్దరోడ్డుమీద హెచ్చు తినును. పెట్రోలు కారు నడుపుటకు అలవాటుపడినవారికి ఇది తలక్రిందుగా తోచును. ఊరిలో పదేపదే ఆగినను, ఆగునపుడు మోటారే విద్యుత్తు పుట్టించి బ్యాటరీకి కొంత తిరిగి యిచ్చును. వేగమెత్తుటకు పెట్టినది ఇచ్చిన అప్పు వంటిది. అంతయు రాకున్నను కొంత వసూలగును. గాలికి, రబ్బరుకు పోయినది మాత్రము రాని బాకీ.

చల్లగాలి యంత్రపు పద్దు వేరు. అది దూరమునుబట్టి కాక, వడ్డీవలె కాలమునుబట్టి పెరుగును. గంటకు ఒక యూనిట్ వాడుననుకొన్నచో, గంటకు 80 కిలోమీటర్ల వేగమున నూరు కిలోమీటర్లకు ఒకటింపావు యూనిట్ పడును. పట్టణపు రద్దీలో గంటకు 20 చొప్పున ప్రాకినచో అదే దూరమునకు అయిదు యూనిట్లు. మండువేసవిలో, నిలిచిన బండ్ల నడుమ చిక్కినవాడు చక్రమును నిందించి ప్రయోజనము లేదు.

ఇవన్నియు పెట్రోలు కార్లకు లేవా యన్నచో, ఉన్నవి. కాని లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి గలదు. అంత పెద్ద బ్యాటరీలోని 77 యూనిట్లు తొమ్మిది లీటర్లకు లోబడిన సరకే. పెట్రోలు ఇంజను తన తొట్టిలోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు వేడిగా పారవేయును. ఆ పెద్ద చిల్లు ముందు చిన్న చిల్లులు కంటబడవు. విద్యుత్తు మోటారు పారవేయునది స్వల్పము. కనుక చక్రము దగ్గరి చిల్లు బయటపడుచున్నది.

మరియొక సంగతి. అరిగిన టైరులో అణగవలసిన రబ్బరు తక్కువ గనుక అది క్రొత్తదానికంటె సుళువుగా దొర్లును. క్రొత్త టైర్లు వేయించిన మరునాడు దూరము తగ్గినదని బ్యాటరీని అనుమానించువారున్నారు. దోషము బ్యాటరీది కాదు. పలుచని ప్రక్కగోడల టైరుకు గల అసలు భయము పల్లెటూరి గుంతలు. రబ్బరు మెత్తన తక్కువైనందున దెబ్బ సూటిగా చట్రమునకు తగులును.

కార్లు కొందరివి. జిల్లా పట్టణములలో నేడు తిరుగుచున్న బ్యాటరీ ఆటోల సంగతి అంతకంటె ముఖ్యము. అక్కడ యూనిట్ అనగా అన్నము. చక్రముల మీది బరువు ఎంత పెరిగినచో రబ్బరు లాగుడును అంత పెరుగును. ఎక్కవలసినవారికి మించి ఎక్కించుకొన్నచో అదనపు కిరాయిలో కొంత బ్యాటరీయే తినివేయును. టైరులో గాలి తగ్గినచో రబ్బరు మరింత అణగును, ఖర్చు మరింత పెరుగును. మితిమీరి నింపినను తప్పే. పట్టు తప్పును, కుదుపు పెరుగును. తయారుచేసినవారు బండిమీద వ్రాసిన అంకెయే ప్రమాణము. ఆ గాలిని చూడవలసినది తెల్లవారుజామున, చక్రము చల్లగా నున్నప్పుడు. ఎండలో తిరిగివచ్చి మధ్యాహ్నము చూచినచో లోపలి గాలి వేడికి పొంగి, ముల్లు హెచ్చుగా చూపును. అది చాలునని తలచి తిరిగిన ఆటో, చివరి బస్సు దిగిన ప్రయాణికులు పిలుచు వేళకు ఎర్రగీతతో మూలనుండును.