మెషీన్ కొనేముందు కింది ఫ్లాట్‌కి వెళ్లి వినండి

ఈరోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే. అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, ఇంట్లోనే వ్యాయామం చెయ్యాలి, చప్పుడు రాని మెషీన్ ఏది తీసుకోవాలి? ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మెషీన్ల సంగతి ఆ తర్వాత.

నేను జాబ్‌లో ఉన్నప్పటి మాట ఇది. రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్లతో కాల్స్, ఆ తర్వాత తిండి. చూస్తుండగానే 92 కేజీలకి వెళ్లాను. మా నాన్నకి షుగర్ ఉంది. నాకు కూడా బోర్డర్‌లో ఉంది, ఇప్పుడే కదలకపోతే కష్టం అన్నారు డాక్టర్. అప్పుడు నిజాంపేటలో ఐదో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. ఆన్‌లైన్‌లో రెండు రోజులు రివ్యూలు చదివి, ‘సైలెంట్ మోటార్’ అని రాసి ఉన్న ట్రెడ్‌మిల్ కొన్నాను. రోజూ పొద్దున 5:30కి ఎక్కి పరిగెత్తేవాడిని. మోటార్ నిజంగానే సైలెంట్ అండీ, అబద్ధం కాదు. పక్క గదిలో పడుకున్న మా అమ్మకి మెలకువ కూడా వచ్చేది కాదు.

రెండు వారాలకి కింది ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చారు. కోప్పడలేదు. “బాబూ, పొద్దున్నే ఏమైనా దంచుతున్నారా? అంకుల్‌కి గుండె ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు. రాత్రంతా నొప్పితో మెలకువగా ఉండి తెల్లారగట్ల కాస్త కన్నంటుకుంటే, సరిగ్గా అప్పుడే మొదలవుతోంది” అన్నారు. నేనేమన్నానో తెలుసా? “లేదాంటీ, మాది సైలెంట్ మోటార్” అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో మాకొక అలవాటు ఉంటుంది. యూజర్ బగ్ ఉందని చెప్తే, ముందు అది మన కళ్ల ముందు మళ్లీ జరిగేలా చేసి చూడాలి. నా దగ్గర పనిచేస్తోంది అనకూడదు. సరే అని ఆ ఆదివారం సాయంత్రం మా ఫ్రెండ్‌ని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తమని చెప్పి, నేను వాళ్లింటికి వెళ్లాను. అంకుల్ పడుకునే గది సరిగ్గా మా హాల్ కిందే. మోటార్ చప్పుడు అస్సలు లేదు. కానీ ధన్, ధన్, ధన్ అని ఎవరో పైన రోకలి పోటు వేస్తున్నట్టే ఉంది. చెవికి వినపడటం కంటే మంచం పట్టె మీద చెయ్యి పెడితే బాగా తెలుస్తోంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ ఆన్ చేస్తే అంకె పెద్దగా కదల్లేదు. అంకుల్ నవ్వి, “నీ ఫోన్‌కి ఆపరేషన్ కాలేదు కదా నాయనా” అన్నారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. చప్పుడు రెండు దారుల్లో పోతుంది. ఒకటి గాల్లోంచి, అంటే మోటార్, ఫ్యాన్, గొలుసు చప్పుడు. అది మీకూ మీ ఇంట్లో వాళ్లకీ వినపడుతుంది. రెండోది నేల మీద పడే దెబ్బ. అది శ్లాబ్‌లోంచి, గోడల్లోంచి కిందికి పోతుంది. మన ఇళ్లల్లో శ్లాబ్ మీద నేరుగా టైల్స్ వేస్తారు, మధ్యలో మెత్తగా ఏమీ ఉండదు. ప్రకటనలో రాసే డెసిబెల్ అంకె మొదటి దాని గురించి. పైగా మామూలు మీటర్లు ‘ఏ వెయిటింగ్’ అనే లెక్క వాడతాయి. అందులో ఇలాంటి లోగొంతు చప్పుళ్లని బాగా తగ్గించి చూపిస్తారు. అందుకే నా యాప్ కదల్లేదు.

పరుగులో ఒక్క క్షణం రెండు కాళ్లూ గాల్లో ఉంటాయి. దిగేటప్పుడు ఒక్క కాలి మీద మన బరువుకి రెండు, రెండున్నర రెట్ల బలం పడుతుంది. నా 92 కేజీలకి లెక్క వేసుకోండి. నడకలో ఎప్పుడూ ఒక కాలు కింద ఆని ఉంటుంది కాబట్టి బరువు కంటే కొంచెమే ఎక్కువ పడుతుంది. ట్రెడ్‌మిల్ ఇప్పటికే కొనేసుంటే పరుగు మానేసి, ఇంక్లైన్ పెంచి నడవండి. ఆయాసం బాగానే వస్తుంది, కింద దెబ్బ తగ్గుతుంది.

మ్యాట్ వేస్తే సరిపోదా అంటారు. నేనూ వేశాను. 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్ వేసి, ఆంటీని అడిగితే మొహమాటానికి “కొంచెం తగ్గింది బాబూ” అన్నారు. పిల్లలు ఆడుకునే అక్షరాల ఫోమ్ ముక్కలు కూడా బరువైన మెషీన్ కింద నలిగిపోయి అట్టలా అవుతాయి. జిమ్‌లలో వేసే మందపాటి రబ్బర్ టైల్స్ మేలు. అవి కూడా మెషీన్ వణుకుని తగ్గిస్తాయి కానీ పరుగు దెబ్బని పూర్తిగా ఆపలేవు.

కాబట్టి మెషీన్ ఎంచుకునేటప్పుడు మీరు అడగాల్సింది ఎన్ని డెసిబెల్స్ అని కాదు, నా కాలు నేల మీద పడుతుందా లేదా అని. సైకిల్‌లో పడదు. ఎలిప్టికల్‌లో పడదు. రోయింగ్‌లో పడదు. నేను చివరికి ట్రెడ్‌మిల్ సగం రేటుకి అమ్మేసి సైకిల్ తీసుకున్నాను. నష్టం నష్టమే, ఏం చేస్తాం.

సైకిల్‌లో కూడా రకాలున్నాయి. చక్రాన్ని గట్టి చెయ్యడానికి ఒక గుడ్డ ప్యాడ్ ఆనించే రకం ఉంటుంది. అది రుద్దుకుని చప్పుడు చేస్తుంది, అరుగుతుంది కూడా. అయస్కాంతంతో గట్టి చేసే రకంలో అసలు ఏదీ తగలదు, మ్యాగ్నెటిక్ అంటారు. గొలుసుది కాకుండా బెల్టుది చూసుకోండి. షాపుకి వెళ్లి కూర్చుని ఐదు నిమిషాలు తొక్కండి, లేచి నిలబడి కూడా తొక్కండి. ఊగితే వదిలెయ్యండి. ఇంటికొచ్చాక కాళ్ల కింద స్క్రూలు తిప్పి నాలుగూ నేలకి సమంగా ఆనేలా చూసుకోండి, అప్పుడప్పుడూ బోల్టులు బిగించండి. గది మధ్యలో పెట్టకండి. శ్లాబ్ మధ్యలోనే ఎక్కువ కదులుతుంది. గోడ మూల, బీమ్ దగ్గర పెట్టండి.

రోయింగ్ మెషీన్‌లో ఫ్యాన్ రకం హోరుమంటుంది, నీళ్ల రకం గలగలమంటుంది. ఇక్కడ కూడా మ్యాగ్నెటిక్కే.

డంబెల్స్ అయితే రబ్బర్ తొడుగువి. ప్లేట్లు మార్చేవి టంగుమంటాయి. పాత బొంత నాలుగు మడతలు వేసి దాని మీద దించండి, పడెయ్యకండి. రెసిస్టెన్స్ బ్యాండ్లు అన్నిటికంటే నిశ్శబ్దం, చవక కూడా. తలుపుకి కట్టేటప్పుడు మాత్రం గడియ పెట్టుకోండి, నేనొకసారి తలుపుతో సహా వెనక్కి వచ్చాను. దండీలు, బస్కీలకి ఏమీ కొననక్కర్లేదు. స్కిప్పింగ్ సెల్లార్‌లోనో టెర్రస్ మీదో చేసుకోండి. టెర్రస్ కింద కూడా ఒక ఫ్లాట్ ఉంటుందని మర్చిపోకండి.

ఇంకో మాట. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. అంటే నా 5:30 పరుగు లెక్కప్రకారం రాత్రి పరుగే.

సైకిల్ వచ్చిన వారానికి లిఫ్ట్‌లో ఆంటీ కనపడి, “ఏం బాబూ, మానేశావా? ఒంట్లో బానే ఉందా?” అని కంగారుగా అడిగారు. మానలేదాంటీ, రోజూ తొక్కుతున్నాను అన్నాను. అదే 5:30కి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ సైకిల్ సీటు ఎత్తు ఎంత పెట్టుకోవాలో చూద్దాం. నేను రెండు నెలలు తప్పుగా పెట్టుకుని మోకాలు నొప్పి తెచ్చుకున్నాను. ఉంటానండీ.